ఫిల్ములో పడని నొప్పి

ఫిబ్రవరి 9

కందిరీగకు,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా కుడి మోకాలు తప్ప. ఫోన్ చేయొచ్చుగా అంటావు. మా ఇంట్లో ఉన్నవి రెండు గదులు. సాయంత్రమైతే మీ అన్నయ్య కుర్చీలోంచి కదలడు. ఆయన పక్కనే కూర్చుని ఆయన మీద ఆయన చెల్లెలికి చాడీలు ఎలా చెప్పను? అందుకే భోజనం వేళ కుట్టు హాలు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే మా గుండీలామె మోచేయి తగిలిందనుకో. మా హాల్లో చొక్కాలకు గుండీలు కుట్టేది ఆవిడే. పక్కనే కూర్చుని తింటూ, ఎవరికి రాస్తున్నావని ఆరా తీస్తోంది. ఆడపడుచుకని చెబితే నమ్మడం లేదు. ఆడపడుచుకు ఇంత పెద్ద ఉత్తరమా అంటోంది.

విషయానికొస్తాను. మా మిషన్లకు బల్ల కింద ఒక మీట ఉంటుంది. మోకాలితో దాన్ని పక్కకు నెడితే గుడ్డను నొక్కిపట్టే పాదం పైకి లేస్తుంది. రెండు చేతులూ గుడ్డ మీద ఉంటాయి కాబట్టి ఆ పని మోకాలిదే. కాలరు కుట్టేటప్పుడు మూల తిరిగిన ప్రతిసారీ నెట్టాలి. ఇన్నేళ్ళూ అలా నెడుతున్నానన్న సంగతే నాకు తెలియలేదు. ఇప్పుడు నెట్టిన ప్రతిసారీ లోపల మేకు దిగినట్టుంటోంది. పొద్దున లేవగానే కాలు నాది కానట్టు బిగుసుకుపోతుంది. మెట్లు ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఇంకో ఎత్తు.

మీ అన్నయ్య సంగతి నీకు కొత్తగా చెప్పేదేముంది. వయసంతా ఎక్స్‌రే గదిలో గడిపాడు. మనిషి ఎదురొస్తే ఆయనకు ముందు ఎముకలే కనిపిస్తాయి. నన్ను క్లినిక్‌కు తీసుకెళ్ళి తనే ఫిల్ము తీశాడు. ఇంటికొచ్చాక వంటింటి కిటికీకి ఆనించి, తల అటూ ఇటూ వంచి చూశాడు. "అరుగుదల కాస్తే ఉంది. నీ వయసులో ఇంత మంచి మోకాలు నేను చూడలేదు" అన్నాడు. నన్ను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు పాపం. అక్కడి డాక్టరూ 'స్వల్పం' అని రాశాడు. కుట్లు సరిచూసే బల్ల దగ్గరికి మార్చమని ఆ కాగితం పట్టుకుని సూపర్‌వైజరును అడిగాను. "స్వల్పమే కదమ్మా" అని కాగితం వెనక్కిచ్చాడు.

నువ్వు మోకాళ్ళ మీద పరిశోధన చేస్తున్నావని మీ అన్నయ్య వీధిలో అందరికీ చెప్పుకుంటాడు. ఏం పరిశోధనో మాత్రం ఆయనకు తెలియదు. నువ్వైనా నిజం చెప్పు. ఫిల్ములో లేని నొప్పి ఉంటుందా? లేక నేను నిజంగానే గారాలు పోతున్నానా?

నీ వదిన


ఫిబ్రవరి 23

వదినా,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నా కోటు జేబులోనే తిరుగుతోంది. రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఏదో ఒక అడ్డంకి. ల్యాబులో చలిగది మోటారు చెడిపోయింది. నమూనాలన్నీ మంచుపెట్టెల్లో పక్క భవనానికి మోసుకెళ్ళి, బాగయ్యాక మళ్ళీ వెనక్కి మోశాం. ఒళ్ళు హూనమైంది. నన్ను కందిరీగ అని పిలిచేవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. ఆ మాట చూడగానే కాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

నువ్వు గారాలు పోవడం లేదు. ముందు ఆ మాట రాసేస్తున్నాను.

నా పని ఏంటంటే, మోకాలు మార్పిడి ఆపరేషన్లు చేసేటప్పుడు కీలు లోపలి పొరను కొంత తీసేస్తారు. రోగి ఒప్పుకుంటే ఆ ముక్క మాకొస్తుంది. దాన్ని ఉల్లిపొర కంటే పల్చగా కోసి, రంగులు పట్టించి మైక్రోస్కోపులో చూస్తాను. పొద్దున తల వంచితే సాయంత్రానికి మెడ పైకి లేవదు. అంతకుమించి గొప్పేమీ లేదు.

అన్నయ్య ఫిల్ములో పడేది ఎముక. ఎముకల మధ్య సందు చూసి, వాటి కొసల మీద మెత్తలా ఉండే మృదులాస్థి ఎంత అరిగిందో అంచనా కడతారు. ఆ మృదులాస్థికి నరాలు లేవు. అది ఎంత అరిగినా తనంతట తాను నొప్పి చెప్పలేదు. చెప్పేవి దాని చుట్టుపక్కలవి. ముఖ్యంగా ఆ లోపలి పొర. అందులో నరాల కొసలుంటాయి. అదే పొరలో రోగనిరోధక కణాలూ కాపురముంటాయి. వాటిలో మాక్రోఫేజులని ఒక రకం ఉంది. రాలిన చెత్తను మింగి శుభ్రం చేయడం వాటి ఉద్యోగం. మృదులాస్థి తుంపులు ఎక్కువగా రాలితే అవి రెచ్చిపోయి రసాయనాలు వదులుతాయి. ఆ రసాయనం సోకిన నరం మామూలు కదలికను కూడా దెబ్బ తగిలినట్టు చెబుతుంది. అందుకే ఫిల్ము బాగున్న మనిషి కుంటుతూ రావచ్చు, ఫిల్ము ఘోరంగా ఉన్న మనిషి చకచకా మెట్లెక్కి పోవచ్చు.

ఇంకో మాట. నొప్పి చివరికి తెలిసేది మెదడులోనే. కబురు ఆగకుండా వెళ్తూ ఉంటే, దాన్ని ఉన్నదానికంటే పెద్దగా వినడం మెదడుకు అలవాటైపోతుంది. అందుకే దీన్ని నిర్లక్ష్యం చేయకు. కీళ్ళ డాక్టరుకు చూపించు.

నీ మరదలు


మార్చి 8

మరదలికి,

ఉత్తరం ఇంటికెందుకు రాశావు? కవరు మీద నీ చేతిరాత చూసి మీ అన్నయ్య మురిసిపోయి విప్పాడు. నేను పని నుంచి వచ్చేసరికి కళ్ళజోడు పెట్టుకుని, నీ కాగితం ఒళ్ళో పరుచుకుని కూర్చున్నాడు. "చూశావా, నా చెల్లెలే రాసింది. నొప్పి తెలిసేది మెదడులోనేనట" అన్నాడు. కోపంగా అని ఉంటే నేనూ రెండు మాటలు అనేదాన్ని. ఆయన ఊరటగా అన్నాడు. పెళ్ళానికి జబ్బేమీ లేదని తేలినందుకు సంతోషపడ్డాడు. "మనసు కాస్త మళ్ళించుకో. రేడియో పెట్టనా?" అని అడిగాడు.

రేడియో పెట్టాడు కూడా.

మిగతాదంతా తర్వాత నేను చదువుకున్నాను. సగం అర్థమైంది. నా నొప్పి నిజమేనని పైన రాశావు, మెదడులో ఉందని కింద రాశావు. పైమాట నా కోసం, కిందిమాట మీ అన్నయ్య కోసమా? ఎంతైనా ఆయన చెల్లెలివి, తప్పు పట్టను. కానీ ఇప్పుడు నేను 'అబ్బా' అన్నప్పుడల్లా ఆయన జాలిగా చూస్తున్నాడు. అంతకంటే విసుక్కుంటేనే నయం.

హాల్లో పెద్ద ఆర్డరు వచ్చింది. సెక్యూరిటీవాళ్ళ చొక్కాలు. గుడ్డ అట్టముక్కలా ఉంది, భుజాల మీద పట్టీలు, జేబులకు మూతలు. మూల తిరగని కుట్టే లేదు. అన్నిటికీ మోకాలే.

ఇక రాయాల్సి వస్తే హాలు చిరునామాకు రాయి. కవరు వెనక ఉంది.

వదిన


మార్చి 20

వదినా,

'నీ వదిన' అని రాసేదానివి. ఈసారి 'వదిన' ఒక్కటే ఉంది. చూశాను.

పత్రికకు పంపిన నా పరిశోధన వ్యాసం మళ్ళీ తిరిగొచ్చింది. చెప్పదలచుకున్నది స్పష్టంగా లేదని రాశారు. నీ ఉత్తరమూ అదే రోజు చేరింది. అందులోనూ అదే ఫిర్యాదు. సాయంత్రం గదికి వెళ్ళి, లైటు వేయకుండా చాలాసేపు మంచం మీద కూర్చున్నాను. ఇంటావిడ వచ్చి, ఇంట్లో ఉండి కూడా చీకట్లో ఎందుకున్నావని అడిగింది.

మళ్ళీ చెబుతాను, ఈసారి తిన్నగా. వేలు తలుపు సందులో పడినా ఆ నొప్పి తెలిసేది మెదడులోనే. అంతమాత్రాన వేలు నలగలేదని అర్థం కాదు. నీ నొప్పి మోకాలిలోనే ఉంది. ఎముకలో కాదు, ఆ లోపలి పొరలో. తప్పంతా ఆ కణాలది. ఇంటికి కాపలా పెట్టినవాళ్ళు ఇంట్లోవాళ్ళనే కొట్టడం మొదలుపెట్టారనుకో. నరాలు గగ్గోలు పెట్టకుండా ఎలా ఉంటాయి? ఆ కాపలావాళ్ళను అణచగలిగితే నొప్పి తగ్గుతుందనే ఆశతోనే మేమంతా ఇక్కడ మెడలు విరుచుకుంటున్నాం. అన్నయ్యకు ఇది చదివి వినిపించు. కావాలంటే నేను ఫోన్లో చెబుతాను.

డాక్టరు ఆపరేషన్ మాటేమైనా ఎత్తాడా? నీ ఫిల్మును బట్టి అవసరం రాకపోవచ్చు. ఎప్పుడైనా చేయించాల్సి వస్తే మాత్రం నాకు ముందే చెప్పు. ఫిల్ము బాగుండి నొప్పి ఎక్కువున్నవాళ్ళ పొర మాకు దొరకడం చాలా అరుదు.

మీటతో పని తగ్గించుకునే దారి ఏదైనా చూడు. మోకాలు ముట్టుకుంటే వేడిగా ఉందా? వాపుందా? రాయి.

నీ మరదలు


ఏప్రిల్ 30

వదినా,

జవాబు లేదు. ఆ పొర సంగతి రాసి ఉండాల్సింది కాదేమో. పోస్టులో వేశాక నాకే చదువుకోవాలనిపించలేదు. మనిషిని అడగాల్సింది అడగకుండా ముక్క గురించి అడిగాను. పొరపాటనుకో.

అన్నయ్యకు ఫోన్ చేశాను. "మీ వదిన హుషారుగా ఉంది, ఓవర్‌టైం కూడా చేస్తోంది" అన్నాడు. నువ్వు ఫోన్ దగ్గరికి రాలేదు. బాగుంటే సంతోషమే. ఒక్క ముక్క రాయి.

నీ మరదలు


మే 28

కందిరీగకు,

కోపం లేదే పిచ్చిదానా. తీరిక లేదు. నిజంగానే బాగున్నాను. మెట్లు గబగబా దిగుతున్నాను. నిన్న బస్సు వెనకాల నాలుగు అడుగులు పరిగెత్తాను కూడా. ఎలాగంటావా, నువ్వు చెప్పిన కాపలావాళ్ళను పడుకోబెట్టాను.

నీ రెండో ఉత్తరం హాలుకే వచ్చింది కదా, గుండీలామెకు చదివి వినిపించాను. ఆవిడ చేతిలో పని ఆపి, "మా అత్తగారు ఆయాసానికి వాడే మాత్రలు అవే. ఒంట్లో కాపలా తగ్గుతుంది, జలుబు చేసినవాళ్ళ దగ్గరికి పోవద్దని డాక్టరు చెప్పాడు" అంది. నీ మాటా ఆవిడ మాటా ఒక్కటే అయింది. మర్నాడు పేరు రాసి తెచ్చింది. చిన్న తెల్ల మాత్రలు. మూలనున్న మందుల షాపువాడు ఏమీ అడక్కుండానే ఇచ్చాడు. వారం తిరక్కుండా మోకాలు మెత్తబడింది. నీ చదువు ఊరికే పోలేదు.

ఆకలి బాగా వేస్తోంది. ముఖం గుండ్రంగా అయింది. ఒళ్ళు చేశావని మీ అన్నయ్య సంబరపడుతున్నాడు. నిద్రే పట్టడం లేదు. లేచి అలమరాలు సర్దుతున్నాను. ఆయనకు మాత్రల సంగతి చెప్పలేదు. నొప్పే లేదన్న మనిషికి మందు ఉందని ఏం చెబుతాను?

ఆ పొర గురించి నేనేమీ అనుకోలేదు. ఆయన నన్ను ఎముకల్లో చూస్తాడు, నువ్వు పొరల్లో చూస్తావు. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ నన్ను మొత్తంగా ఎప్పుడు చూస్తారో చూడాలి. నవ్వుతూ రాస్తున్నాను, ముఖం మాడ్చుకోకు.

మొన్న సూది ఎడమ చూపుడు వేల్లో దిగి విరిగింది. గుండీలామె పట్టకారుతో లాగింది. వేలు ఎర్రగా ఉబ్బింది గానీ పెద్దగా నొప్పి లేదు. ఈ మధ్య ఏ నొప్పీ తెలియడం లేదు నాకు.

నీ వదిన


జూన్ 27

వదినా,

నేను మొన్న తిరిగొచ్చాను. రైల్లో కూర్చునే చోటు దొరికింది. ఆసుపత్రిలో మనం పట్టుమని పది మాటలు మాట్లాడుకోలేదు. అక్కడ చెప్పలేకపోయింది రాస్తున్నాను. మొదటి రెండు రోజులూ నీకేమీ గుర్తులేవని అన్నయ్య చెప్పాడు కాబట్టి, జరిగింది జరిగినట్టు నీకు తెలియాలి.

నీ మే నెల ఉత్తరం చదవగానే ఇంటికి ఫోన్ చేశాను, ఎవరూ తీయలేదు. అన్నయ్య జేబు ఫోనుకు చేస్తే ఆసుపత్రి వరండాలోంచి మాట్లాడాడు. నీ చెయ్యి మోచేతిదాకా ఎర్రబడి, జ్వరం వచ్చిందట. అప్పటికే నీ సంచిలో మాత్రలు కనబడితే, చీటీ లేని మందులెందుకని కోపం వచ్చి చెత్తకుండీలో పారేశాడట. నువ్వు ఆయనకు ఎదురు చెప్పలేదట. ఆ తర్వాత నువ్వు నిలబడలేక, వంటింట్లో కూలబడిపోయావు. రక్తపోటు ఎందుకు పడిపోతోందో డాక్టర్లకు తెలియడం లేదు, ఎందుకంటే మాత్రల సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

"అన్నయ్యా, అవి స్టెరాయిడ్లు. అన్ని వారాలు వాడి ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. ఇప్పుడే వెళ్ళి డాక్టరుకు చెప్పు" అన్నాను. ఆయన ఫోను చేతిలో పట్టుకునే పరిగెత్తాడు. బూట్ల చప్పుడు నాకు వినిపించింది. అదే మందు నరంలోంచి ఎక్కించాక నువ్వు తేరుకున్నావు. వేలి చివరి కణుపును మాత్రం కాపాడలేకపోయారు. చీము ఎముకదాకా దిగింది.

ఎందుకు అంతదాకా వచ్చిందో తెలుసా? సూది గాయంలో చేరిన క్రిమిని ఎదుర్కోవలసినవీ ఆ కణాలే. నేను నీకు సగమే రాశాను. అవి చెడ్డవని రాశాను గానీ, వాటిలోనే మంటను చల్లార్చేవి, గాయం మాన్పేవి కూడా ఉన్నాయని రాయలేదు. ఆ మాత్రలతో అన్నిటినీ కలిపి నోరు నొక్కేస్తే ఇల్లు దిక్కులేనిదవుతుంది. మోకాలి పొరలో ఏవి రెచ్చగొడుతున్నాయో, ఏవి బాగుచేస్తున్నాయో విడదీయడమే మా అసలు పని. అది మాకింకా చేతకాలేదు.

నేను వచ్చినప్పుడు నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. నిన్ను తప్పు పట్టే హక్కు నాకు లేదు. నీ చేతికి కట్టు మార్చిన ప్రతిసారీ నేను బయటికి వెళ్ళిపోయాను. చూడలేక.

నీ మరదలు


జూలై 15

కందిరీగకు,

పోయింది ఎడమచేతి వేలి కొస కాబట్టి ఉత్తరానికి ఇబ్బంది లేదు. కాగితం కదలకుండా పట్టుకోవడానికి టీ గ్లాసు పెట్టుకున్నాను.

గోడవైపు తిరిగింది నీ మీద కోపంతో కాదు. నా ముఖం గుమ్మడికాయలా ఉబ్బి ఉంది, చెయ్యి ఆ గతిన ఉంది. చదువుకున్న పిల్ల ఉత్తరం రాస్తే దాన్ని పట్టుకుని మందుల షాపుకు పోయిన మొద్దును నేను. నీకు ముఖం ఎలా చూపించను? నువ్వేమో వచ్చిన దగ్గర్నుంచీ డాక్టర్లతోనే మాట్లాడావు. కట్టు మార్చే వేళకు లేచి వెళ్ళిపోయావు. నన్ను చూస్తే నీకు అసహ్యంగా ఉందేమోననుకున్నాను. అది చూడలేకపోవడమని ఇప్పుడు నువ్వు రాస్తే తెలిసింది. ఒకే గదిలో ఉండి అడగలేనిది ఉత్తరాల్లో అడుక్కుంటున్నాం మనం.

నువ్వు రాసింది తప్పు కాదు. నాకు కావలసిన ముక్క వరకే నేను చదివాను. మీ అన్నయ్యా అంతే చేశాడు. ఈ ఇంట్లో ఉన్నందుకు నాకూ ఆ అలవాటు వచ్చింది.

ఇప్పుడు ఆయన సంగతి. మాత్రలు కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపించేసరికి మోకాలు మళ్ళీ మొదటికొచ్చింది. ఆసుపత్రిలోనే కీళ్ళ డాక్టరమ్మ వచ్చింది. చిన్నది, నీ ఈడే ఉంటుంది. మోకాలి మీద చల్లటి జిగురు రాసి, అల్ట్రాసౌండ్ పెట్టి తెర ఇటు తిప్పింది. మీ అన్నయ్య నా తలవైపు నిలబడి ఉన్నాడు. "ఇదిగో నీరు. ఇదిగో లోపలి పొర, ఎంత మందంగా ఉబ్బిందో చూడండి. ఈ మెరుస్తున్నదంతా రక్తం ఎక్కువగా పారడం. బాగా మంట మీద ఉంది కీలు" అంది. ఆయన వంగి చూశాడు. ఇంకా దగ్గరికి వంగాడు. తర్వాత వెళ్ళి గోడ పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక, "ఇది నా ఫిల్ములో పడదు" అన్నాడు.

నేను ఏమన్నానో తెలుసా? "నేను చెప్పినప్పుడు పడాల్సింది" అన్నాను. పెళ్ళయినప్పటి నుంచీ ఆయనతో అంత గట్టిగా మాట్లాడింది అదే. "నేను కట్టుకున్నదాన్ని, నోరు తెరిచి చెప్పాను. నమ్మలేదు. ఎవరో అమ్మాయి యంత్రం పెట్టి చూపిస్తే నమ్మారు. ఆ యంత్రం లేకపోతే నా గతి ఏంటి?" అన్నాను. ఆయన నీళ్ళు నమల్లేదు, తప్పించుకోలేదు. "నిజమే" అన్నాడు. లోపలికెళ్ళి పాత ఫిల్ము కవరు తెచ్చాడు. చించుతాడేమోననుకున్నాను. దాని మీద డాక్టరు రాసిన 'స్వల్పం' అన్న మాట పక్కన పెన్నుతో ఏదో రాయబోయి, ఆగిపోయి, ఇస్త్రీ బల్ల మీద పెట్టేశాడు. ఏం రాయాలో తోచలేదనుకుంటాను. నాకు జాలేసింది. కానీ ఆయన జాలిపడ్డప్పుడు నాకెలా ఉండేదో తెలుసు కాబట్టి పైకి కనబడనివ్వలేదు.

గుండీలామె వచ్చి వాకిట్లోనే నిలబడి ఏడ్చింది. లోపలికి రమ్మని మీ అన్నయ్యే పిలిచాడు. ఆవిడను ఎవరూ తిట్టకూడదని నేను ముందే చెప్పాను. నా మోకాలి గురించి అన్నాళ్ళలో ఏదో ఒకటి చేద్దామన్నది ఆవిడొక్కతే.

హాలు నుంచి కబురు లేదు. కొస లేని వేలితో కాలరు కుట్టగలనో లేదో నాకే తెలియదు. అలసటగా ఉందే. కోపం కాదు, బాధ కాదు, ఉత్త అలసట. పొద్దున లేచేసరికే సాయంత్రం అయినట్టుంటోంది.

నీ వదిన


ఆగస్టు 2

వదినా,

నీ ఉత్తరం చదివి మెట్ల మీదే కూర్చుండిపోయాను. నిన్ను చూసి నాకు అసహ్యమా? కట్టు కింద వేలును చూస్తే ఏడుస్తానని, ఏడిస్తే నువ్వు భయపడతావని వెళ్ళిపోయేదాన్ని. అంతే.

ఈ నెల నుంచి ఒక పని చేస్తున్నాను. మా దగ్గరికొచ్చే ప్రతి ముక్కతోపాటు, రోగికి నొప్పి ఎంతో చెప్పే ఒక అంకె వస్తుంది. ఇన్నాళ్ళూ ఆ అంకెతోనే సరిపెట్టుకున్నాం. ఇప్పుడు ఆపరేషనుకు ముందు నేనే వార్డుకు వెళ్ళి వాళ్ళతో మాట్లాడుతున్నాను. పొద్దుటి బిగువు ఎంతసేపుంటుంది, నడిస్తే తగ్గుతుందా పెరుగుతుందా, నిద్రలో లేపుతుందా అని. మా ప్రొఫెసర్ "దీనివల్ల ఒరిగేదేంటి" అన్నాడు. ఏమో, నాకూ తెలియదు. బడిలో వంట చేసి రిటైరైన ఒకావిడ తన మోకాలి గురించి గంటసేపు చెప్పింది. నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుని, "ఇంకొంచెం ఉంది" అంది. కూర్చున్నాను.

నా పని వల్ల ఇప్పట్లో నీకు మందు వస్తుందని మాటివ్వలేను. డాక్టరమ్మ చెప్పిన తొడ వ్యాయామాలు మానకు. కండరం గట్టిపడితే కీలుకు కాస్త విశ్రాంతి. వాపు పెరిగితే నీరు తీయించుకో, ఆవిడ చెప్పిందే వాడు. ఇంకెవరు చెప్పినా వాడకు, నేను చెప్పినా సరే.

అలసట గురించి రాశావు. ఒంట్లో ఆ మంట రాజుకున్నప్పుడు మనిషి అలిసిపోవడమూ ఉంటుంది. నీ బద్ధకం కాదది. పడుకో. అలమరాలు సర్దకు.

నీ మరదలు


సెప్టెంబరు 11

కందిరీగకు,

ఈ ఉత్తరం మళ్ళీ హాలు మెట్ల మీంచే. చేరి వారమైంది. సూపర్‌వైజరు దగ్గరికి మీ అన్నయ్య వెళ్ళాడట, నాతో చెప్పకుండా. గుండీలామె కిటికీలోంచి అంతా వింది. అల్ట్రాసౌండ్ కాగితం తీసుకెళ్ళి, మడత విప్పకుండా జేబులోనే ఉంచుకున్నాడట. "మా ఆవిడకు నొప్పి ఉంది. ఆవిడ చెప్పింది. బల్ల మార్చండి" అన్నాడట. కాగితం ఏదని సూపర్‌వైజరు అడిగితే, "ముందు ఆవిడ మాట మీద మార్చండి, కాగితం తర్వాత ఇస్తాను" అని వాదించాడట. చివరికి కాగితం చూపించాకే పని అయిందనుకో. కానీ ముందు అలా అడిగాడు.

ఇప్పుడు నేను కుట్లు సరిచూసే బల్ల దగ్గర. ఎత్తు కుర్చీ, మీట లేదు. కాసేపు కూర్చుంటాను, కాసేపు నిలబడతాను. నా మిషను మీద ఒక కొత్త పిల్ల కూర్చుంది. చేతివేగం బాగుంది. మీట నెట్టేటప్పుడు మోకాలు ఒంటికాలి కొంగలా విసురుతోంది. అలా విసరకు, ఇలా పెట్టు అని చూపించాను. విందో లేదో.

మోకాలు తగ్గిందా అంటే, తగ్గలేదు. కొన్ని రోజులు నయం, కొన్ని రోజులు చావు. వ్యాయామాలు చేస్తుంటే మీ అన్నయ్య పక్కన నిలబడి అంకెలు లెక్కపెడతాడు, నాకంటే ఆయనకే ఆయాసం. అలసట అలాగే ఉంది. అది నా బద్ధకం కాదని నువ్వు రాసింది మాత్రం ఆయనకు రెండుసార్లు చదివి వినిపించాను. ముక్క కోయకుండా, పూర్తిగా.

నీకు నా మీద అసహ్యమనుకోవడం నా పిచ్చేనే. నీ పెళ్ళి సంబంధం చెడినప్పుడు నువ్వు నా ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చావే, అప్పుడు నీ ముక్కు కారుతుంటే నాకు అసహ్యం వేసిందా? ఈసారి వస్తే డాక్టర్లతో పని పెట్టుకోకు. ఊరికే వచ్చి కూర్చో.

ఒక సంగతి రాసి ఆపేస్తాను, గంట కొట్టేలా ఉన్నారు. మీ అన్నయ్య నడక నీకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో కూడా ఆయన వీపు చూస్తూనే నడిచాను నేను. ఇవాళ పొద్దున కాలు బాగా బిగుసుకుంది. చెప్పులు వేసుకుంటుంటే, "ఎలా ఉంది?" అని అడిగాడు. "బాలేదు" అన్నాను. సరే అని గొళ్ళెం పెట్టి నాతోపాటే మెట్లు దిగాడు, ఒక్కో మెట్టూ. వీధి మలుపు తిరిగేసరికి బస్సు కదులుతోంది. ఆయనొక్కడే అయితే అందుకునేవాడు. చెయ్యెత్తి ఆపబోయి నా కాలు వైపు చూశాడు, చెయ్యి దించేశాడు. ఇద్దరం స్టాపులో బల్ల మీద కూర్చున్నాం. ఆయనకు క్లినిక్ ఆలస్యమవుతోందని నాకు తెలుసు. వాచీ చూసుకోలేదు. "ఇంకోటి వస్తుందిలే" అన్నాడు.

చాలాసేపటికి వచ్చింది.

నీ వదిన